చార్మినార్ సందుల్లో కొరియా కథలు!

పాఠక మిత్రులకు ముందుగా ఓ చిన్న పరీక్ష. 2019 జూన్ 5, రంజాన్ పండగ. పాతబస్తీ కుర్రకారంతా కొత్త బట్టలు వేసుకుని, షీర్‌ఖుర్మా తాగి, జేబులో ఈదీ డబ్బులు పెట్టుకుని సినిమాకు బయల్దేరారు. ఆ రోజు విడుదలైన పండగ సినిమా ఏది?

"ఇదీ ఒక ప్రశ్నేనా? సల్మాన్‌ఖాన్ 'భారత్'!" అంటారు మీరు. సగం మార్కులే ఇస్తాను! ఎందుకంటే ఆ కథ పుట్టింది ముంబయిలో కాదు. దక్షిణ కొరియాలోని బూసాన్ అనే రేవు పట్టణంలో!

ఇంకో ప్రశ్న. సరిగ్గా నెల తిరిగేసరికి, 2019 జూలై 5న, మన తెలుగు ఆడపడుచులు గుంపులు గుంపులుగా వెళ్ళి నవ్వీ ఏడ్చీ చూసిన సినిమా? అవును, 'ఓ బేబీ'. అదీ కొరియా కథే!

నెల వ్యవధిలో రెండు సినిమాలు. ఒకటి హిందీ, ఒకటి తెలుగు. ఒకటి ఈద్ సినిమా, ఒకటి ఇంటిల్లిపాది సినిమా. రెండింటికీ పుట్టిల్లు ఒకటే! ఆ మరుసటి ఏడాది, 2020 ఫిబ్రవరిలో, 'పారసైట్' అనే కొరియా చిత్రం ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు కొట్టుకుపోయింది. ఇంగ్లీషు కాని భాషలో తీసిన సినిమాకు ఆస్కార్ ఉత్తమ చిత్రం బహుమతి రావడం అదే మొదటిసారి.

ఇంతకీ ఏమిటీ కొరియా మాయ? మన రెండు తెలుగు రాష్ట్రాల జనాభా కంటే తక్కువ, అయిదు కోట్ల పైచిలుకు మనుషులున్న దేశం. వాళ్ళ భాష మనకు రాదు. తిండి మనకు ఎక్కదు. అయినా వాళ్ళ కథ చార్మినార్ సందుల్లోకి ఎలా వచ్చి కూర్చుంది? అక్కడ కోట్ల రూపాయల కమర్షియల్ సినిమాలూ, చందమామంత చిన్న సినిమాలూ పక్కపక్కనే ఎలా బతికాయి? మరి మనం వాళ్ళ దగ్గర్నుంచి ఏం తెచ్చుకున్నాం, ఏం తెచ్చుకోవడం మరిచాం? ఈ వారం ముచ్చట అదే.

పేరు 'భారత్'... ఊరు బూసాన్

'భారత్'కు మాతృక 2014లో వచ్చిన 'ఓడ్ టు మై ఫాదర్'. అక్కడ కోటీ నలభై లక్షలకు పైగా టిక్కెట్లు తెగిన సినిమా. (అన్నట్టు, కొరియాలో సినిమా జయాపజయాలను ముందుగా డబ్బుల్లో కాదు, తెగిన టిక్కెట్లలో లెక్కేస్తారు. కోటి టిక్కెట్లు దాటితే అది వాళ్ళ సిల్వర్ జూబిలీ అన్నమాట!)

కథ మీకు తెలిసిందే. 1950 డిసెంబర్, కొరియా యుద్ధం. జనం ఓడెక్కి పారిపోతుంటే వీపున ఉన్న చెల్లెలు జారిపోతుంది. ఆమెను వెతకడానికి తండ్రి వెనక్కు వెళ్ళి మళ్ళీ రాడు. ఇల్లు నీ బాధ్యత అని కొడుకుతో చెప్పి మరీ వెళతాడు. ఆ పిల్లవాడు జీవితమంతా ఆ మాటను మోస్తాడు. హిందీలో ఓడ రైలయింది, కొరియా యుద్ధం 1947 దేశ విభజన అయింది. మారనిది ఆ కొట్టు ఒక్కటే. తండ్రి ఎప్పుడొచ్చినా గుర్తుపట్టాలని అమ్మకుండా అట్టే పెట్టుకున్న దుకాణం!

కొరియా హీరో తమ్ముడి చదువు కోసం జర్మనీ వెళ్ళి బొగ్గుగనిలో దిగుతాడు. ఇది కల్పన కాదు. 1963 నుంచి 1977 దాకా వేలాది కొరియా యువకులు పశ్చిమ జర్మనీ గనులకూ, యువతులు అక్కడి ఆసుపత్రుల్లో నర్సులుగానూ వెళ్ళి ఇంటికి డబ్బు పంపారు. హిందీలో ఈ ఘట్టాన్ని గల్ఫ్ చమురు పనిగా మార్చారు. ముంబయి వాళ్ళకు అది కథ కావచ్చు. పాతబస్తీకి అది ఇంటి విషయం! సౌదీ, దుబాయి, కువైట్ వెళ్ళిన నాయనో, మామో, అన్నో లేని గల్లీ ఇక్కడుందా చెప్పండి? "అబ్బా ఎప్పుడొస్తాడమ్మీ" అని క్యాలెండర్ మీద గీతలు గీసుకుంటూ పెరిగిన పిల్లలు నా స్నేహితుల్లోనే బోలెడుమంది. వాళ్ళకు ఆ సినిమాలో కన్నీళ్ళు కొరియావో ఇండియావో అడగాల్సిన పని లేకపోయింది.

ఇక 2021 ఈద్‌కు వచ్చిన సల్మాన్ 'రాధే' సంగతి! దానికి ఆధారం 'ది ఔట్‌లాస్' (2017). గూండాలను అరచేత్తో కొట్టి పడేసే ఆ పోలీసు పాత్రలో మా డాంగ్-సోక్ అనే కండల వీరుడు కనిపిస్తాడు. మన దగ్గర కరోనా రెండో దెబ్బకు హాళ్ళు మూతబడ్డ రోజుల్లో 'రాధే' ఇంటి తెరమీదకొచ్చింది, విమర్శకుల చేతిలో చీవాట్లు తింది. కొరియాలో మాత్రం అదే పోలీసు 'ది రౌండప్' పేరుతో 2022, 2023, 2024ల్లో వరసగా మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ కోటి టిక్కెట్లు దాటించాడు! కథ ఒకటే, హీరోకు కండలూ ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? వాళ్ళ పోలీసు దెబ్బలు కొడతాడు గానీ తనను తానే పొగుడుకోడు. నవ్విస్తాడు, చిల్లర లేక తడుముకుంటాడు, పై అధికారి తిడితే తల గోక్కుంటాడు. మనం కథ కొన్నాం, ఆ తల గోక్కోవడం కొనలేదు!

నాయనమ్మను పడుచుపిల్లను చేసిన దర్శకుడు

'ఓ బేబీ'కి వద్దాం. డెబ్భై దాటిన ముసలమ్మ ఒక ఫోటో స్టూడియోలోకి వెళ్ళి ఇరవై నాలుగేళ్ళ పడుచై బయటికొస్తుంది. లక్ష్మి గారు, సమంత ఇద్దరూ కలిసి ఒకే మనిషిని మన కళ్ళముందు నిలబెట్టారు. రాజేంద్రప్రసాద్ గారి ముసలి ప్రేమ ఎవరు మరిచిపోతారు? దర్శకురాలు బి.వి.నందినీరెడ్డి. సురేష్ ప్రొడక్షన్స్‌తో పాటు కొరియాకు చెందిన క్రాస్ పిక్చర్స్ కూడా నిర్మాతల్లో ఒకటి. అంటే గుట్టుగా ఎత్తుకొచ్చిన కథ కాదు, దర్జాగా హక్కులు కొని తెచ్చుకున్న కథ. (ఒకప్పుడు అలా ఉండేది కాదు లెండి. 2006లో వచ్చిన హిందీ 'జిందా'కూ, కొరియా 'ఓల్డ్‌బాయ్'కీ ఉన్న పోలికల మీద పెద్ద గొడవే నడిచింది.)

మాతృక పేరు 'మిస్ గ్రానీ' (2014). కొరియాలో 86 లక్షల టిక్కెట్లు తెగాయి. చైనా, వియత్నాం, జపాన్, థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్... ఎవరికి వారు తమ నాయనమ్మను తయారు చేసుకున్నారు. ఏడో ఇంటికి మన తెలుగు నాయనమ్మ వచ్చింది!

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఈ నవ్వుల నాయనమ్మను సృష్టించిన దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యూక్. 2021లో ప్రపంచాన్ని ఊపేసిన 'స్క్విడ్ గేమ్' ఈయనదే! చిన్నపిల్లల ఆటలో ఓడినవాణ్ణి కాల్చి చంపే ఆ భయంకర కథకూ, గోలచేసే నాయనమ్మకూ తండ్రి ఒక్కడే. అన్నట్టు అందులో అలీ పాత్ర గుర్తుందా? జీతం ఎగ్గొట్టిన యజమాని దగ్గర వేళ్ళు పోగొట్టుకున్న పాకిస్తానీ కూలీ. ఆ పాత్ర వేసింది మన ఢిల్లీ కుర్రాడు అనుపమ్ త్రిపాఠి. కొరియా వెళ్ళి నటన నేర్చుకుని, వాళ్ళ భాషలోనే డైలాగులు చెప్పాడు. తోటివాణ్ణి నమ్మి "హ్యుంగ్" అని పిలుస్తాడు. అంటే మన "భాయ్". ఆ భాయ్ చేతిలోనే మోసపోతాడు. ఆ సీను చూసి మా గల్లీ కుర్రాడొకడు, దుబాయిలో రెండేళ్ళు పనిచేసి వచ్చినవాడు, "అన్నా, ఇది సినిమా కాదన్నా... నా పక్క బెడ్డు వాని కథ" అన్నాడు.

అంతేకాదు. ఈ దర్శకుడే 2011లో 'సైలెన్స్‌డ్' తీశాడు. గ్వాంగ్జూ నగరంలో చెవిటి పిల్లల బడిలో పెద్దలు చేసిన అత్యాచారాల నిజకథ. గాంగ్ జీ-యంగ్ అనే రచయిత్రి నవలగా రాసింది. సైన్యంలో పనిచేస్తున్న రోజుల్లో హీరో గాంగ్ యూ ఆ నవల చదివి, దీన్ని సినిమా తీయాల్సిందేనని పట్టుబట్టాడు. సెప్టెంబరులో సినిమా విడుదలైంది. జనం రగిలిపోయారు. ముగిసిపోయిందనుకున్న కేసు మళ్ళీ తెరిచారు, బడి మూతపడింది. అక్టోబరు ముగిసేలోగా పార్లమెంటు చట్టాన్నే మార్చింది. చిన్నపిల్లల మీద, వికలాంగుల మీద అత్యాచారం చేసినవాడు ఏళ్ళు గడిచాయన్న సాకుతో తప్పించుకునే దారి మూసేసింది!

ఒక సినిమా. రెండు నెలలు కూడా కాలేదు. చట్టం మారింది! మిత్రులారా, శతదినోత్సవాలు ఎన్నో చూశాం. ఇలాంటి ఉత్సవం ఎక్కడైనా చూశామా?

పెద్ద సినిమా, చిన్న సినిమా – నడుమ గోడ లేదు

మన దగ్గర "ఆర్టు సినిమా" అనగానే పెదవి విరుస్తారు. గడ్డం పెంచుకున్న హీరో, ఎండిపోయిన చెట్టు, మాటల్లేని పది నిమిషాలు... ఇంటర్వెల్లో సగం హాలు ఖాళీ! కొరియాలో కూడా చిన్న సినిమాలకు కష్టాలు లేవని కాదు. కానీ అక్కడ కమర్షియల్ డైరెక్టరూ ఇండిపెండెంట్ డైరెక్టరూ రెండు వేరు వేరు కులాలు కారు. 'పారసైట్' తీసిన బోంగ్ జూన్-హో 1984లో ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్ అకాడమీలో చదివి, చిన్న చిత్రాలు తీసి పైకొచ్చినవాడే.

ఆయన రెండో సినిమా 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' (2003) చూశారా? పల్లెటూళ్ళో వరస హత్యలు, దొరకని హంతకుడు. నిజంగా జరిగిన కేసు. చివర్లో హీరో సాంగ్ కాంగ్-హో నేరుగా కెమెరాలోకి, అంటే మన కళ్ళల్లోకి చూస్తాడు. ఎందుకంటే ఆ హంతకుడు ఎప్పుడో ఒకనాడు హాల్లో కూర్చుని ఈ సినిమా చూస్తాడని దర్శకుడి నమ్మకం! పదహారేళ్ళ తర్వాత, 2019లో, డి.ఎన్.ఎ. పరీక్షతో అసలు దోషి దొరికాడు. ఇంకో హత్యకేసులో ఎప్పట్నుంచో జైల్లోనే ఉన్నాడు! సస్పెన్సు సినిమాలు మనమూ తీస్తాం. చివరి రీలులో విలన్ చేతికి సంకెళ్ళు పడకపోతే మనకు నిద్రపట్టదు. వాళ్ళు సంకెళ్ళు వేయకుండా ఇంటికి పంపి, మన నిద్ర చెడగొట్టారు.

ఇక నిజంగా చిన్న సినిమాలు. 2009లో విడుదలైన 'ఓల్డ్ పార్ట్‌నర్' అనే డాక్యుమెంటరీ. హీరో ఎనభై దగ్గరపడ్డ రైతు. ఇంకో హీరో నలభై ఏళ్ళ ఎద్దు! హీరోయిన్, ముసలాణ్ణి పొద్దస్తమానం సాధించే ముసలమ్మ. పాటల్లేవు, ఫైట్లు అసలే లేవు. దాదాపు 30 లక్షల మంది టిక్కెట్టు కొని చూశారు! ఆ తర్వాత 2014లో ఓ వృద్ధ దంపతుల ప్రేమ మీద వచ్చిన 'మై లవ్, డోంట్ క్రాస్ దట్ రివర్' ఆ లెక్కనూ దాటి 48 లక్షలకు చేరింది. మన 'బలగం' (2023) పల్లెపల్లెలో తెరకట్టి చూసినప్పుడు పగలున్న అన్నదమ్ములు కూడా కన్నీళ్ళు పెట్టుకున్నారే, సరిగ్గా ఆ గుండెతడే అక్కడా పనిచేసింది.

యూన్ గా-ఉన్ అనే దర్శకురాలు తీసిన 'ది వరల్డ్ ఆఫ్ అస్' (2016) చూడండి. పదేళ్ళ ఆడపిల్లల స్నేహం, అలక, చాడీలు. అంతే కథ! వేసవి సెలవుల్లో ఇద్దరు పిల్లలు పూలు నూరి గోళ్ళకు రంగు పెట్టుకుంటారు, అచ్చం మన గోరింటాకులా. ఆ గోటి రంగు చెరిగిపోతున్న కొద్దీ స్నేహమూ చెదురుతుంది. చూస్తుంటే మీకు మీ బడి గుర్తుకు రాకపోతే నన్నడగండి.

కాస్త గుండె గట్టి చేసుకుంటే 'నెక్స్ట్ సోహీ' (2022). జూలై జంగ్ అనే దర్శకురాలిది. చదువుకుంటూనే కాల్‌సెంటర్‌లో శిక్షణకు చేరిన అమ్మాయి, తిట్లు తిని, టార్గెట్లు మోసి, చివరికి ప్రాణం తీసుకుంటుంది. 2017లో జరిగిన ఓ యథార్థ సంఘటన దీనికి ప్రేరణ. ఈ చిన్న సినిమా కూడా ఊరుకోలేదు. శిక్షణ పేరుతో పనిచేసే విద్యార్థులకు రక్షణ కల్పిస్తూ 2023లో చట్టాన్ని సవరించారు. రాత్రి షిఫ్టు క్యాబ్ కోసం గల్లీ చివర నిలబడే మన హైదరాబాదు అమ్మాయిలకు, అబ్బాయిలకు ఈ సినిమా ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

వాన ఒక్కటే... పడ్డ ఇళ్ళు వేరు

'పారసైట్' గురించి ఇక్కడ కుర్రాళ్ళలో రెండు పార్టీలున్నాయి. బోరు కొట్టిందనేవాళ్ళు, బుర్ర తిరిగిందనేవాళ్ళు. మన రాజమౌళి గారు కూడా ఆ సినిమా తనకు బోరు కొట్టిందని 2020లో ఓ ఇంటర్వ్యూలో నిర్మొహమాటంగా చెప్పారు. దాని మీద పెద్ద చర్చే జరిగింది. ఎవరి రుచి వారిది. ఆయన 'బాహుబలి'ని 2015లో బూసాన్ చిత్రోత్సవంలో చూపించారు. 2023లో ఢిల్లీలోని కొరియా ఎంబసీ సిబ్బంది 'నాటు నాటు'కు స్టెప్పులేసి దేశమంతటినీ నవ్వించారు. రుచులు వేరైనా స్నేహం స్నేహమే!

నేను మాత్రం రెండో పార్టీ. కారణం చెబుతాను.

ఆ సినిమాలో పేద కుటుంబం సగం నేలలో కూరుకున్న గదిలో ఉంటుంది. కిటికీలోంచి చూస్తే రోడ్డుమీద నడిచేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి. ఒక రాత్రి కుండపోత వాన. కొండమీద షావుకారు ఇంట్లోంచి వాళ్ళు మెట్లు దిగుతూ, దిగుతూ, దిగుతూ ఇంటికొచ్చేసరికి గది మెడలోతు మురుగునీళ్ళు. మర్నాడు ఉదయం షావుకారు భార్య కారులో కూర్చుని, వాన పడటం ఎంత మంచిదైందో, ఆకాశం ఎంత శుభ్రంగా ఉందో ఫోనులో మురిసిపోతుంటుంది. ముందు సీట్లో డ్రైవరు... రాత్రంతా శిబిరంలో నేలమీద పడుకున్న ఆ ఇంటి తండ్రి!

ఈ సినిమాకు ఆస్కార్ వచ్చిన ఎనిమిది నెలలకు, 2020 అక్టోబరులో, పాతబస్తీ మునిగింది. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీలో మనుషులే కొట్టుకుపోయారు. నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు తెగి హాఫిజ్‌బాబానగర్ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. నీరు తీసిన తర్వాత ఆ గల్లీల్లో తిరిగాను. తడిసి ఉబ్బిన పరుపులు, కూతురి పెళ్ళికని కొన్న కొత్త బీరువా, బురదలో స్కూలు పుస్తకాలు వీధిలో ఆరేసి ఉన్నాయి. అదే సమయంలో నగరం ఎగువన బాల్కనీల్లోంచి తీసిన వాన ఫోటోలు ఫోన్లలో చక్కర్లు కొడుతున్నాయి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు ఈ మాట. ఆ షావుకారు భార్య కూడా చెడ్డ మనిషి కాదు, ఆమెకు తెలియదంతే. తెలియకపోవడమే విలన్ అని చెప్పింది ఆ సినిమా.

ఇంకో రెండేళ్ళకు, 2022 ఆగస్టు వరదల్లో సియోల్ నగరంలో అలాంటి సగం నేలగదిలోనే ఒక కుటుంబం మునిగి చనిపోయింది. అలాంటి గదుల్ని క్రమంగా లేకుండా చేస్తామని నగర పాలకులు ప్రకటించారు. కళ అద్దం అంటారు. కొన్నిసార్లు అది ముందే మోగే గంట కూడా.

ఈ సినిమా ఎక్కణ్ణుంచి ఊడిపడలేదు

1980 మేలో గ్వాంగ్జూలో సైన్యం తన ప్రజల మీదే కాల్పులు జరిపిన దేశమిది. అక్కడ సినిమా సెన్సారు కత్తెర కింద నలిగింది. 1996లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం ముందస్తు సెన్సారు చెల్లదంది. అదే ఏడు బూసాన్ చిత్రోత్సవం మొదలైంది. 1999లో 'షిరి' అనే యాక్షన్ చిత్రం హాలీవుడ్ సినిమాల్ని మట్టి కరిపించింది. హాళ్ళు ఏడాదికి 146 రోజులు స్వదేశీ సినిమాలే వేయాలన్న నియమం అప్పటిదాకా వాళ్ళకు గొడుగు. అమెరికాతో వ్యాపార ఒప్పందం కోసం 2006లో దాన్ని 73 రోజులకు కోసినప్పుడు నటులే రోడ్డెక్కారు. 'ఓల్డ్‌బాయ్' హీరో చోయ్ మిన్-సిక్ ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని వాపసు చేసేశాడు! స్టార్లు తమ సినిమా కోసం కాదు, అందరి సినిమా కోసం ధర్నాలో కూర్చోవడం – ఇది గమనించాలి.

పాత గాయాల్ని వాళ్ళు దాచుకోలేదు. గ్వాంగ్జూ మీద 'ఎ ట్యాక్సీ డ్రైవర్' (2017) తీస్తే కోటీ ఇరవై లక్షల టిక్కెట్లు తెగాయి. 1979 డిసెంబరు 12 సైనిక కుట్ర మీద వచ్చిన '12.12: ది డే' (2023) కోటీ ముప్పై లక్షలు దాటింది. మరుసటి ఏడాదే, 2024 డిసెంబరు 3 రాత్రి, వాళ్ళ అధ్యక్షుడు దేశంలో సైనిక శాసనం ప్రకటించాడు. జనం పార్లమెంటు ముందుకు పరుగెత్తారు, కొన్ని గంటల్లోనే సభ్యులు ఓటు వేసి దాన్ని రద్దు చేయించారు. ఆ రోజుల్లో ఎందరి నోటనో ఈ సినిమా పేరే!

పాతబస్తీ తీసుకున్న సొంత సినిమా

"వాళ్ళకు డబ్బుంది, ప్రభుత్వముంది, మనకేముంది?" అనేవాళ్ళకు ఒక జ్ఞాపకం. కుంట నిఖిల్ దర్శకత్వంలో 'ది అంగ్రేజ్' వచ్చింది. చార్మినార్ నీడలో, మన దక్కనీ మాటల్లో, పేరున్న స్టారు ఒక్కడూ లేకుండా! ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ ఇంటింటి చుట్టాలైపోయారు. వారాల తరబడి ఆడింది, సీడీల మీద గల్ఫ్ దాకా వెళ్ళింది. పెద్ద బడ్జెట్టు కాదు, పెద్ద బ్యానర్ కాదు. మన గల్లీ, మన యాస, మన వెక్కిరింత. కొరియా వాళ్ళు ఇండిపెండెంట్ సినిమా అంటున్నది ఇదే కదా! 'హైదరాబాద్ నవాబ్స్' కూడా నవ్వించింది.

తర్వాతేమైంది? అవే జోకులు, అదే గుల్లూ దాదా, అదే హోటలు బల్ల. నవ్వు దగ్గరే ఆగిపోయాం. ఇస్మాయిల్ భాయ్ తమ్ముడు సౌదీలో ఏం పడ్డాడో, ఇంట్లో చెల్లెలు ఏం చదవాలనుకుందో, వరదలో ఎవరి బీరువా పోయిందో... ఆ కథల దాకా కెమెరా వెళ్ళలేదు. చిన్న సినిమా తీసే దమ్ము మనకు లేక కాదు. రెండో అడుగుకు చేయి అందించే అకాడమీ లేదు, చూపించే హాలు లేదు.

రీమేకుల్లోనూ అదే జరిగింది. 'మిడ్‌నైట్ రన్నర్స్' (2017)ను 2022లో 'శాకిని డాకిని'గా తెచ్చుకున్నాం. ఇద్దరు కుర్ర పోలీసు ట్రైనీలకు బదులు రెజీనా, నివేదా థామస్‌లను పెట్టడం మంచి ఆలోచనే. అయినా ఆడలేదు. 'ఓ బేబీ' ఆడింది, ఎందుకంటే నందినీరెడ్డి ఆ ముసలమ్మ నోట మన ఇంటి సాధింపులు, మన ఇంటి పచ్చడి వాసన పెట్టింది. కథ దిగుమతి చేసుకోవచ్చు. ఇల్లు దిగుమతి కాదు!

అక్కడా దీపం రెపరెపలాడుతోంది

అంతా పూలబాటే అనుకోకండి. కరోనా తర్వాత కొరియాలో హాళ్ళకు వచ్చేవాళ్ళు బాగా తగ్గారు. 2024లో దయ్యాల శాస్త్రం చెప్పిన 'ఎగ్జూమా' కోటీ పందొమ్మిది లక్షలు తెచ్చింది గానీ, 2025లో ఒక్క కొరియా సినిమా కూడా కోటి గడప తొక్కలేదు. కూతురు జాంబీ అయితే తండ్రి ఏం చేస్తాడన్న 'మై డాటర్ ఈజ్ ఎ జాంబీ' యాభై లక్షలు దాటితే అదే గొప్ప అన్నారు. ఆ ఏడాది కేన్స్ పోటీ విభాగంలో ఒక్క కొరియా చిత్రం లేదు. పార్క్ చాన్-వుక్ 'నో అదర్ ఛాయిస్' వెనిస్ పోటీకి వెళ్ళి పరువు నిలబెట్టింది. ఉద్యోగం పోయిన మనిషి, పోటీదారుల్ని చంపితే తప్ప తనకు ఉద్యోగం రాదనుకునే కథ! నవ్వాలో ఏడవాలో తెలియదు.

చిన్న ఊళ్ళ చిత్రోత్సవాలకిచ్చే సాయాన్ని ప్రభుత్వం 2024లో బాగా కోసింది. చిన్న సినిమాకు నీళ్ళు ఆపేస్తే పెద్ద సినిమాకు రేపటి డైరెక్టరు ఎక్కణ్ణుంచి వస్తాడని అక్కడివాళ్ళు అరుస్తున్నారు. వేరుకు నీళ్ళు పోయకుండా కొమ్మకు పందిరి వేస్తే ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కొత్తగా చూసేవాళ్ళకు ఓ చిన్న మెనూ

ఇంటిల్లిపాదితో అయితే 'మిస్ గ్రానీ', పక్కనే 'ఓ బేబీ' పెట్టి పోల్చండి. స్నేహితుల గుంపుతో అయితే 'ట్రైన్ టు బూసాన్' (2016). రైల్లో జాంబీలు, మధ్యలో తండ్రీ కూతుళ్ళు. కర్చీఫ్ దగ్గర పెట్టుకోండి. ఒంటరిగా రాత్రి అయితే 'మెమొరీస్ ఆఫ్ మర్డర్'. చెల్లెలితో, తమ్ముడితో అయితే 'ది వరల్డ్ ఆఫ్ అస్'. ఉద్యోగం విసుగు పుట్టిస్తే 'నెక్స్ట్ సోహీ'. కానీ ఆ రోజు ఒంటరిగా ఉండకండి, చూశాక ఎవరితోనైనా మాట్లాడండి. వీలైనంతవరకు డబ్బింగు మానేసి అక్షరాలు చదువుతూ చూడండి. పిల్లలు "అప్పా" అని తండ్రినీ, "ఒమ్మా" అని తల్లినీ పిలుస్తుంటే మన చెవులకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది!

చివరగా, ఈ గల్లీల్లో ఫోను కెమెరా పట్టుకు తిరిగే కుర్రాళ్ళకు, అమ్మాయిలకు ఒక మాట. కొరియా హీరోలా జుట్టు కత్తిరించుకోవడం తప్పు కాదు, ముచ్చటగానే ఉంటుంది. కానీ వాళ్ళు మనకిచ్చిన అసలు ఫ్యాషన్ జుట్టు కాదు. ఎద్దు మీద సినిమా తీస్తే 30 లక్షల మంది వస్తారన్న ధైర్యం. చెవిటి పిల్లల గోడు వినిపిస్తే చట్టం కదులుతుందన్న నమ్మకం. బూసాన్ మార్కెట్టులో అమ్మకుండా ఉంచిన కొట్టు ఒకటి ప్రపంచాన్ని ఏడిపించింది. లాడ్‌బజారులో, పత్తర్‌గట్టీలో అలాంటి కొట్లు ఎన్ని లేవు? ఒక్కో షట్టరు వెనుక ఒక్కో తండ్రి కథ ఉంది. ఈసారి ఆ కథను మనమే తీసి, హక్కుల కోసం బూసాన్ వాళ్ళు మన గల్లీకి వచ్చేలా చేస్తే...?

ఏమంటారు భాయ్? క్లాప్ కొట్టేది ఎవరు?